దేహమే కొలబద్ద: క్రీడాకారుని చూపును గూర్చి

(స్మారకోపన్యాస పాఠము)



ఏ మహనీయుని పేర ఈ ఉపన్యాసము ఏర్పాటయినదో, ఆయన గ్రంథకర్త కాడు. పండితసభల నలంకరించినవాడును కాడు. కృష్ణాతీరమందలి యొక చిన్న యూరి ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా జీవితమంతయు గడపి, సాయంకాలపు మైదానమునందే తన విద్వత్తునంతయు వెచ్చించి వెళ్ళిపోయిన మనిషి. మే మాయనను డ్రిల్లు మాస్టారు అనియే పిలిచెడివారము. ఊరిలోని పెద్దలును అట్లే పిలిచెడివారు. అట్టివాని సంస్మరణసభలో క్రమశిక్షణను గూర్చియు, ఆరోగ్యమే మహాభాగ్యమను సూక్తిని గూర్చియు నాలుగు మాటలాడి విరమించుట సులభము. కాని ఆయన మాచేత చేయించిన పనులలో కొన్నింటి మర్మము, ఇటీవలి దశాబ్దములలో మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలను చదివిన తరువాతనే నాకు బోధపడినది. కావున ఆ పరిశోధనలనే నేటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని. ఆటగాని దేహస్థితియు, ఆటలో వానికి కలుగు జయాపజయములును వాని కంటికి కనబడు ప్రపంచమును మార్చగలవా? మార్చగలిగినచో ఆ మార్పు చూపులోనిదా, తీర్పులోనిదా? ఇవి రెండే నా ప్రశ్నలు.

క్రికెట్టు ఆడువారి మాటలు విన్నవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. మంచి ఫామ్‌లో ఉన్న బ్యాట్స్‌మన్ "ఇవాళ బంతి ఫుట్‌బాలంత కనపడుతోంది" అనును. వరుసగా సున్నలు చుట్టుచున్నవాడు "బంతే కనపడటం లేదు" అని వాపోవును. సముద్రముల కావల బేస్‌బాల్ ఆడువారిలోను ఇదే వాడుక కలదు. చేయి తిరిగిన దినమున బంతి పంపరపనసకాయంత కనబడినదనియు, తిరగని దినమున ఆస్పిరిన్ మాత్రంత అయినదనియు వారు చెప్పుకొందురు. ఒకరినొక రెరుగని రెండు ఖండముల ఆటగాండ్రు ఒకే తీరున మాటలాడుచుండగా, దానిని వట్టి గొప్పలు చెప్పుకొనుటగా కొట్టివేయుట తగదు. అట్లని, నూరు పరుగులు చేసిన దినమునను సున్న చుట్టిన దినమునను అతనిని కంటివైద్యుని యొద్దకు గొనిపోయినచో, రెండు దినములును అతడు గోడమీది పటములో అదే వరుసవరకు చదువును. కన్ను మారలేదు, బంతి మారలేదు, మరి మారినదేమి?

మన న్యాయశాస్త్రము ప్రమాణములలో ప్రత్యక్షమునకు మొదటిపీట వేసినది. ఇంద్రియమునకును అర్థమునకును సన్నికర్షము కలిగినపుడు పుట్టు జ్ఞానము ప్రత్యక్షమని దాని లక్షణము. పాశ్చాత్యులలో, పందొమ్మిదవ శతాబ్దమందు హెల్మ్‌హోల్ట్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, కంటి వెనుకనున్న పొరమీద పడు ప్రతిబింబ మొక్కటియే చాలదనియు, దాని నాధారముగా జేసికొని మనస్సు తనకు తెలియకయే ఊహ చేయుచు వస్తువుయొక్క దూరమును పరిమాణమును నిశ్చయించుకొనుననియు చెప్పెను. ఈ రెండు సిద్ధాంతములకును ఎంత అంతరమున్నను ఒక విషయమున పొత్తు కలదు: చూచు కార్యములో కంటికిని మనస్సునకును పని కలదే కాని, కాలికిని, చేతికిని, ఆయాసమునకును, అలసటకును స్థానము లేదు. కాళ్ళు లాగుచున్నంత మాత్రమున కొండ నిటారు కాదు గదా అని మనమందరము తలంతుము. పరిశోధకులు వేలుపెట్టి చూపిన చోటు సరిగా ఇదియే.

వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన జెస్సికా విట్, డెన్నిస్ ప్రోఫిట్ అను నిరువురు 2005లో ఒక చిన్న పరిశోధనను ప్రకటించిరి. వారు ప్రయోగశాలలో కూర్చుండక, సాఫ్ట్‌బాల్ ఆటలు జరుగు మైదానమునకే పోయి, ఆట ముగించి చెమటలు తుడుచుకొనుచు వచ్చు ఆటగాండ్రను నిలిపి, వారియెదుట ఒక అట్టను పెట్టిరి. అట్టమీద ఎనిమిది నల్లని వృత్తములు. అన్నిటికంటె చిన్నదాని వ్యాసము 9 సెంటీమీటర్లు, పెద్దదానిది 11.8. సాఫ్ట్‌బాల్ వ్యాసము సుమారు 10 సెంటీమీటర్లు. మీరాడిన బంతి వీనిలో దేనికి సరిపోవునో చూపుడని మాత్రమే ప్రశ్న. వృత్తమును చూపిన పిమ్మట, ఆ దినమున ఎన్నిమారులు బ్యాటు పట్టితిరి, ఎన్నిమారులు చక్కగా కొట్టితిరి అని విచారించిరి. 47 మంది సమాధానములను కూర్చి చూడగా, ఆనాడు బాగుగా కొట్టినవారు పెద్దవృత్తమువైపును, కొట్టలేనివారు చిన్నవృత్తమువైపును మొగ్గియుండిరి. ఆ సంబంధము మిక్కిలి బలమైనది కాదు. కాని కాకతాళీయమని త్రోసిపుచ్చదగినంత బలహీనమును కాదు.

2008లో విట్, తన సహచరులతో కలసి, గోల్ఫ్ ఆడువారిని ఇట్లే పరీక్షించెను. గోల్ఫ్ రంధ్రము వ్యాసము 10.8 సెంటీమీటర్లు, ఇది అందరికిని ఒక్కటే. ఆనాటి ఆటలో తక్కువ దెబ్బలతో ముగించినవారు, అనగా బాగుగా ఆడినవారు, రంధ్రమును పెద్దదిగా చూపిరి. ఇందులో నాకు మిక్కిలి ఆలోచింపదగినదిగా కనబడినది మరొకటి. గోల్ఫ్‌లో ప్రతి ఆటగానికిని, వాని దీర్ఘకాలపు నైపుణ్యమును తెలుపు హాండికాప్ అను అంకె ఒకటి యుండును. రంధ్రముయొక్క పరిమాణమునకు ఆ అంకెతో సంబంధమేమియు కనబడలేదు. ఆనాటి స్కోరుతోనే కనబడినది. పేరుపొందిన ఆటగాడైనను ఆ పూట చేయి తిరుగకున్నచో వానికి రంధ్రము చిన్నదే. సామాన్యుడైనను ఆ పూట కలసివచ్చినచో పెద్దదే. జన్మమంతయు గడించిన ప్రతిష్ఠను కన్ను లెక్కకు తీసికొనదు. నేడు ఈ చేతులు ఏమి చేయగలవను సంగతినే అది పట్టించుకొనును.

ఇంతవరకు చెప్పినదానికి ఒక సులభమైన ఆక్షేపణ కలదు. బంతిని ముందుగనే పెద్దదిగా చూడగలిగినందుననే ఆనాడు బాగుగా ఆడిరేమో! కారణమేది, కార్యమేది? దీనికి సమాధానమువంటి ప్రయోగమొకటి 2009లో వచ్చినది. విట్, ట్రావిస్ డార్ష్ అనువారు, అమెరికా ఫుట్‌బాల్‌లో గోలు కొట్టుట అలవాటు లేని వారిని పిలిచి, రెండు నిలువు కంబములును వాని మధ్య ఒక అడ్డకంబమును గల గోలును చూపి, దాని కొలతలను ఊహింపుమనిరి. పిమ్మట పదేసి తన్నులు తన్నించి, మరల ఊహింపుమనిరి. తన్నకముందు చెప్పిన కొలతలకును, తరువాతి జయాపజయములకును సంబంధము లేదు. తన్నిన తరువాత చెప్పిన కొలతలకు మాత్రమే సంబంధము కలిగినది. అంతేకాదు: బంతిని కుడికో ఎడమకో పోగొట్టుకొన్నవారికి నిలువు కంబములు దగ్గరదగ్గరగా, గోలు ఇరుకుగా తోచినది, బంతి ఎత్తు చాలక క్రిందనే పడినవారికి అడ్డకంబము ఎత్తుగా తోచినది. ఎవరు ఏ తీరున తప్పిరో, వారికి గోలు ఆ తీరుననే కఠినమైనది. వట్టి నిరుత్సాహమే కారణమైనచో గోలు అన్నివైపులను ఒక్కరీతిగా చిన్నది కావలసినది, అట్లు కాలేదు.

ఈ ప్రయోగమును గూర్చి చదివినపుడు మా మాస్టారి హైజంపు పాఠము నాకు కన్నులకు గట్టినది. ఇసుకగుంటకు ముందు రెండు వెదురుగుంజలు. వానికి కొట్టిన మేకులపై నిలిపిన అడ్డకర్ర. ఒక కుర్రవాడు మూడుమారులు దానిని కాలితో తన్ని పడవేసి, నాలుగవమారు పరుగు తీయబోయి ఆగి, "మాస్టారూ, కర్ర పైకి జరిపారండీ!" అనెను. ఆయన కోపపడలేదు. "జరపలేదురా అబ్బాయ్. ఇదిగో టేపు, కొలిచి చూసుకో" అని వాని చేతికే టేపు నిచ్చెను. వాడు కొలిచెను, ఎత్తు మొదటిదే. తెల్లబోయి నిలిచిన వానికి ధైర్యవచనము లొక్కటియు చెప్పక, ఆయన కర్రను బెత్తెడు దించి, "ఇప్పుడు దూకు" అనెను. దూకెను. మరల దూకించెను, మరల. వాని కాలు కర్రకు తగులక అవలీలగా దాటుట అలవాటైన పిదప, ఒక్కొక్క మేకే పైకి జరుపుచు తొల్లింటి ఎత్తునకు తెచ్చెను. ఈమారు వాడు ఎత్తు సంగతి అడుగనే లేదు. టేపు సత్యమును చెప్పును. కాని కుర్రవాని కంటికి ఆ సత్యమును నమ్మించినది టేపు కాదు, వాని కాలు. పరిశోధకులు కంబములతో కనుగొన్నదానిని ఆయన వెదురుకర్రతో ఎరిగియుండెను.

ఆటల మైదానమును వదలి కొండవాలునకు పోయినను ఇదే వరుస. ముకుల్ భల్లా, ప్రోఫిట్ అనువారు 1999లో ప్రకటించిన పరిశోధన ఈ శాఖలో మిక్కిలి ప్రసిద్ధమైనది. మనుష్యులు సామాన్యముగనే కొండవాలును ఉన్నదానికంటె ఎంతో నిటారుగా చెప్పుదురు. 5 డిగ్రీల వాలును 20 డిగ్రీలనుట పరిపాటి. వీపున బరువైన సంచి తగిలించుకొన్నవారికి, చాలసేపు పరుగెత్తి అలసినవారికి, వ్యాయామము లేనివారికి, ఆరోగ్యము తగ్గిన వృద్ధులకు అదే వాలు మరింత నిటారుగా తోచినదని వారు చూపిరి. గోడలెక్కి దూకు పార్కూర్ అను విద్యలో ఆరితేరినవారు, ఆ విద్య తెలియనివారికంటె గోడను పొట్టిగా అంచనా వేసిరని 2011లో వెలువడిన వేరొక పరిశోధన చెప్పుచున్నది. టెన్నిస్‌లో బంతిని చక్కగా తిరిగి కొట్టగలిగినవారికి ఆ బంతి మెల్లగా వచ్చినట్లు తోచినదని ఇంకొకటి. కొండ, గోడ, బంతి వేరైనను సూత్ర మొక్కటే: ఏది చేయుట కష్టమో అది పెద్దగానో, నిటారుగానో, వేగముగానో, అందనిదిగానో కనబడుచున్నది, లక్ష్యమైనచో చిన్నదిగా కనబడుచున్నది.

దీనికి కారణమేమి? 1979లో గతించిన జేమ్స్ గిబ్సన్ అను మనస్తత్త్వవేత్త, ప్రాణి తన చుట్టునున్న ప్రపంచమున వట్టి ఆకారములను చూడదనియు, అది తనకు ఏ పనికి వీలిచ్చునో ఆ వీలునే చూచుననియు బోధించెను. విలియం వారెన్ 1984లో దీనికి లెక్క కట్టెను. మెట్టును చూచినంతనే ఇది ఎక్కగలము, ఇది ఎక్కలేము అని మనము నిశ్చయింతుము గదా. పొడుగువారికిని పొట్టివారికిని ఆ హద్దు అంగుళములలో వేరువేరుగా ఉన్నను, ఎవరి కాలిపొడవుతో వారి హద్దును భాగించి చూడగా ఇరువురకును ఒకే నిష్పత్తి, సుమారు 0.88, వచ్చినది. అనగా కన్ను అంగుళములలో లెక్కించుట లేదు, కాళ్ళలో లెక్కించుచున్నది. మనకు ఇది వింత కాకూడదు. మీటరు బద్దలు రాకపూర్వము మన పల్లెలలో వస్త్రమును మూరలతోను, త్రాటిని బారలతోను, నూతినీటిని నిలువులతోను, పూలదండను మూరలతోను జానలతోను కొలిచినవారమే. మూర కొలిచినవాని చేతినిబట్టి గుడ్డ పెరుగును, తరుగును. అయినను ఆ కొలత అబద్ధము కాదు, ఆ చేతి సత్యము. కన్ను నేటికిని ఆ పాతకొలతలనే వాడుచున్నదని ఈ పరిశోధకుల వాదముయొక్క సారము.

ఆ కొలబద్దనే మార్చి చూచినవారును కలరు. స్వీడనుదేశమున కరోలిన్‌స్కా సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2011లో చేసిన ప్రయోగమిది. పండుకొన్న మనిషికి కన్నులముందు తెరలు తగిలించి, తన దేహమునకు బదులు ఒక బొమ్మదేహము కనబడునట్లు చేసి, బొమ్మకాలిని, వాని కాలిని ఒకేమారు పుల్లతో తాకుచుండిరి. కొంతసేపటికి ఆ బొమ్మదేహమే తనదని అతనికి భ్రాంతి కలిగెను. బొమ్మ చిన్నదైనచో ఎదుటి వస్తువులు పెద్దవిగా, దూరముగా తోచినవి. బొమ్మ నిలువెత్తును మించిన మహాకాయమైనచో అవియే చిన్నవిగా, చేరువగా తోచినవి. కంటిలో పడు ప్రతిబింబము ఒక్కటియే. దేహము నాది అను భావము మారగనే ప్రపంచముయొక్క కొలత మారినది.

ఇంతవరకు ఒకపక్షమును వినిపించితిని. ఎదుటిపక్షమువారు బలవంతులు, వారి మాట వినక తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఫ్రాంక్ డర్గిన్ అను పరిశోధకుడు 2009లో వాలు ప్రయోగమునే మరల చేసెను. వీపున బరువైన సంచి తగిలించి, వాలు ఎంత నిటారుగా ఉన్నదని యడిగినచో, తెలివిగల విద్యార్థి ప్రయోగకర్త ఆశయమును ఊహింపకుండునా? కావున డర్గిన్ కొందరికి, సంచిలో నున్నవి వారి కండరముల చలనమును నమోదు చేయు పరికరములని నచ్చజెప్పెను. అంత బరువునకు వేరొక కారణము దొరకినందున, వాలును మరింత నిటారుగా చెప్పుటయు మాసిపోయెను. బరువు వీపుననే యున్నది. పోయినది ప్రయోగకర్తను సంతోషపెట్టవలెనను తలంపు మాత్రమే. ఇది చిన్నదెబ్బ కాదు.

రెండవ ఆక్షేపణ చాడ్ ఫైర్‌స్టోన్, బ్రయన్ షోల్ అను నిరువురిది, అది చమత్కారమైనది. పదునారవ శతాబ్దమున స్పెయిన్‌లో చిత్రములు వ్రాసిన ఎల్ గ్రెకో మనుష్యులను అసహజముగా పొడుగు సాగదీసి చిత్రించెను. అతని కంటిలోనే దోషముండి, లోకమంతయు అతనికి పొడుగుగా కనబడెనని కొందరు చెప్పిరి. కాని ఆలోచింపుడు: లోకము పొడుగుగా కనబడువానికి చిత్రపటమును అట్లే పొడుగుగా కనబడును గదా, రెండు దోషములును ఒకదానినొకటి రద్దుచేసికొని చిత్రము మనకు సరిగా కనబడవలయును. కావున కారణము కన్ను కాదు. ఈ తర్కమునే 2014లో వీరు ప్రయోగములకు అన్వయించిరి. చేత అడ్డముగా కర్ర పట్టుకొన్నవారికి ఎదుటి సందు ఇరుకుగా తోచునని ముందొక పరిశోధన చెప్పియుండెను. వీరు ఆ ఇరుకుదనమును మాటలతో గాక, వేరొక సందును అంతే వెడల్పునకు సరిచేసి చూపుమనిరి. చూపే మారియుండినచో రెండవ సందును అట్లే ఇరుకై, భేదము రద్దు కావలసినది. రద్దు కాలేదు, భేదము కనబడుచునే యుండెను. కావున అది చూపులోనిది కాదు, ఆలోచనలోనిదని వారు తేల్చిరి. 2016లో ఇదే ధోరణిని విస్తరించి, తలంపులు చూపును మార్చజాలవని ఒక పెద్దవ్యాసమే ప్రకటించిరి. ఎబ్బింగ్‌హౌస్ అనువాని పేర ప్రసిద్ధమైన దృష్టిభ్రమను గోల్ఫ్ రంధ్రముచుట్టు కల్పించి, రంధ్రము పెద్దదిగా కనబడునట్లు చేసినచో ఆట మెరుగగునని విట్ 2012లో చెప్పినదియు, తరువాత ఇతరులు చేసి చూడగా నిలకడగా నిలువలేదు.

అట్లని విట్ పక్షము పూర్తిగా ఓడినదని చెప్పరాదు. గోలు తన్నినవారి తప్పులు దిక్కునుబట్టి వేరువేరు ఫలితముల నిచ్చుటను, ప్రయోగకర్తను సంతోషపెట్టుటతో వివరించుట కష్టము. తెరమీద దొర్లు చుక్కను చిన్నపలకతో అడ్డుకొనువారికి, పెద్దపలకతో అడ్డుకొనువారికంటె చుక్క వేగముగా పోవుచున్నట్లు తోచునను ఫలితమును ఆమె మరల మరల చూపుచునే యున్నది. ఈ వివాదము ఇంకను తీరలేదు. కాని ఆ వివాదముయొక్క స్వరూపము మనకు కొత్తది కాదు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ప్రత్యక్షమును నిర్వికల్పక మనియు, సవికల్పక మనియు రెండుగా విభజించెను. విశేషణము లేవియు అంటని తొలిచూపు మొదటిది. ఇది ఇట్టిదని నిశ్చయించుకొని చూచునది రెండవది. చిత్రమేమనగా, మనవారు ఆ నిశ్చయమును చూపునకు వెలుపల పెట్టలేదు. దానిని కూడ ప్రత్యక్షమనియే పిలిచిరి. ఆటగాని దేహము వాని నిర్వికల్పకమును మార్చినదా, సవికల్పకమును మాత్రమే మార్చినదా అనునదే నేటి తగవు. ఫైర్‌స్టోన్ పక్షము రెండవదానిని చూపుగా లెక్కింపదు. విట్ పక్షము, మార్పు మొదటిదానివరకును పోయినదనుచున్నది. ఆటగానికి పనికివచ్చునది మాత్రము రెండవదే. ఎందుకనగా, కాలెత్తుటయు, బ్యాటు విసరుటయు జరుగునది నిశ్చయమునుబట్టియే.

ఇచట మరొక విషయమును వేరుపరచి చూడవలెను. బంతి పెద్దదిగా కనబడుట వేరు. బంతిని చూడవలసిన చోట చూచుట వేరు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునకు పక్షితల తప్ప మరేమియు కనబడలేదు. అది పరిమాణమునకు సంబంధించినది కాదు, అవధానమునకు సంబంధించినది. మైఖేల్ లాండ్, పీటర్ మెక్లియాడ్ అనువారు 2000 సంవత్సరమున బ్యాట్స్‌మన్ల కనుపాపల కదలికను చిత్రీకరించి చూపినదిదే. బంతిపై కన్ను తీయకుడని మనము పిల్లలకు బోధింతుము. కాని నేర్పరియైన బ్యాట్స్‌మన్ బంతిని ఆసాంతము వెంబడించుటయే లేదు. బంతి బౌలరు చేతినుండి వెడలు క్షణమున దానిని చూచి, అది నేలను తాకబోవు చోటునకు చూపును ముందుగనే దుమికించి, బంతి వచ్చువరకు అచట కాచియుండును. తాకి లేచిన పిమ్మట మరల కొంతసేపు వెంబడించును. నైపుణ్యము ఎక్కువైనకొలది ఆ దుముకు త్వరితమగును. వేగముగా వేయు బంతి పిచ్‌ను దాటుటకు అర సెకను కాలము పట్టదు. ఆ వ్యవధిలో ఎచట చూడవలెనో ఎరిగియుండుటయే వాని విద్య. కాల్గరీ విశ్వవిద్యాలయమునకు చెందిన జోన్ వికర్స్, గురిపెట్టు ఆటలలో నిపుణులు చివరిచూపును లక్ష్యముమీద నిశ్చలముగా ఎక్కువసేపు నిలుపుదురని చూపెను. ఈ రెండు విద్యలును కంటిలో పుట్టినవి కావు. వేలకొలది బంతులాడిన దేహము కంటికి నేర్పినవి.

దేహము కంటికి నేర్పుట యనగా ఏమో, మన దేశపు క్రీడాచరిత్రలో మన్సూర్ అలీఖాన్ పటౌడీ కథకంటె స్పష్టముగా చెప్పునది లేదు. 1961 జూలై 1వ తేదీన ఇంగ్లండులోని హోవ్ పట్టణమున జరిగిన కారు ప్రమాదములో ఆయన కుడికన్ను దెబ్బతిని, చూపు దాదాపుగా పోయెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యేండ్లు. కూజాలోని నీటిని గ్లాసులో పోయబోయినచో బల్లమీద పడెడిదట. కొన్ని నెలలకే మన హైదరాబాదులో, పర్యటనకు వచ్చిన ఎం.సి.సి. జట్టుతో ఆట. కుడికంటికి కాంటాక్ట్ లెన్సు పెట్టుకొని బ్యాటు పట్టెను. ఒక్కొక్క బంతికి రెండేసి బంతులు, ఆరేడంగుళముల యెడముతో, కనబడుచుండెను. వానిలో లోపలివైపుదానిని ఎంచుకొని ఆడుచు 35 పరుగులు చేసెను. టీ విరామమున లెన్సు తీసివేసి, కుడికన్ను మూసికొని, 70 వరకు పోయెను. ఆ శీతకాలముననే టెస్టు జట్టున చేరి, 1962 జనవరిలో మదరాసునందు శతకము కొట్టెను. ఆ యేటనే, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, భారతజట్టునకు నాయకుడయ్యెను. టోపీ అంచును కుడికంటి మీదికి దించుకొని, నిలుచు తీరు మార్చుకొని, మొత్తము 46 టెస్టులాడెను. 1964లో ఢిల్లీయందు ఇంగ్లండుపై అజేయముగా 203 పరుగులు చేసెను.

ఈ కథను ధైర్యమునకు దృష్టాంతముగా చెప్పుట వాడుక, అదియు నిజమే. నే నడుగునది వేరు. రెండు బంతులలో నిజమైనది లోపలిదని ఆయనకు చెప్పినదెవరు? కన్ను చెప్పలేదు; కంటికి రెండును సమానముగనే కనబడినవి. చెప్పినది బ్యాటు. బంతి బ్యాటునకు తగిలిన చప్పుడు, చేతులకు తెలిసిన అదురు, తప్పిపోయిన ప్రతి బంతియు నేర్పిన లెక్క కలసి, ఇది నమ్ముము, అది విడువుమని కంటికి చెప్పినవి. 1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అనువారు పిల్లికూనలతో చేసిన ప్రయోగము దీనికి శాస్త్రీయమైన సాక్ష్యము. గుండ్రముగా తిరుగు ఒక సాధనమునకు ఒకవైపు తన కాళ్ళతో నడచు కూనను, మరియొకవైపు తొట్టిలో కూర్చుండి త్రిప్పబడు కూనను కట్టిరి. రెండింటికిని కనబడిన దృశ్యములు ఒక్కటే. కాని నడచిన కూన మాత్రమే లోతును గుర్తించి అంచున ఆగగలిగెను. మోయబడిన కూన కన్నులు తెరచి చూచినను చూచుట నేర్చుకొనలేదు. చూపునకు గురువు కాలు.

ఇక నా నిర్ణయమును చెప్పి ముగింతును. దేహము తొలిచూపునే మార్చునా అనునది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన ప్రశ్న, వారు తేల్చుదురు. కాని ఆటగాడు ఏ కొలతనుబట్టి కాలెత్తునో, బ్యాటెత్తునో, ఆ కొలత దేహపు కొలతయే యని చెప్పుటకు ఇప్పటికి తెలిసినది చాలును. దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. ఓడిన పూట కంటికి కనబడిన ఎత్తును, దూరమును, వేగమును లోకస్వభావముగా నమ్మరాదు. అవి ఆ పూట దేహముయొక్క స్థితిని చెప్పునవి. ఓడి వచ్చిన బాలుని, నాకిది చేతకాదని చెప్పినంతనే ఆటనుండి తొలగించు ఉపాధ్యాయుడును, రెండు మూడు ఆటలలో విఫలుడైనవానిని ఇక పనికిరాడని త్రోసివేయు సెలెక్టరును, పోటీపరీక్షల పేర ఆటల పీరియడును రద్దుచేయు పాఠశాలయును ఈ ఒక్క పొరపాటునే చేయుచున్నారు. రెండవది, ఆ కొలతను మాటలతో మార్చలేము. కర్ర ఎత్తు కాదు, బంతి వేగము కాదు, కొండ నిటారు కాదు అని ఎంత చెప్పినను కన్ను వినదు. దేహమునకు చేతనైన చోటినుండి ప్రారంభించి, చేతనైన దానిని బెత్తెడు బెత్తెడుగా పెంచినపుడే కన్ను తన లెక్కను తానే దిద్దుకొనును. పిల్లవానికి ధైర్యము చెప్పుటకంటె వానికి సాధ్యమైన పనిని ముందు పెట్టుట గొప్పవిద్య; ఆ విద్యకు ఓర్పు కావలెను, పిల్లవాని దేహమును ఎరుగవలెను, వాని ఓటమిని వాని స్వభావముగా భ్రమింపకుండవలెను. మన పాఠశాలలలో ఈ పని చేయువారికి జీతము తక్కువ, గౌరవము అంతకంటె తక్కువ. వారు పిల్లలకు నేర్పునది కాళ్ళవిద్య యని మనము తలంచుచున్నందున ఇట్లున్నది. వారు నేర్పునది చూపు అని గ్రహించిననాడు, గణితమును బోధించు వారితో సమానమైన పీట వీరికిని వేయక తప్పదు.